డ్యాష్‌బోర్డు దింపినప్పుడు ఎయిర్‌బ్యాగ్‌ని ఎలా పట్టుకోవాలి, ఎక్కడ పెట్టాలి?

తమ్ముడూ, నువ్వు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. కావలిలో మీ షెడ్డుకి ఏసీ కూలింగ్ కాయిల్ లీకని ఒక చిన్న కారొచ్చింది. కాయిల్ మార్చాలంటే డ్యాష్‌బోర్డు మొత్తం దింపాలి. అంటే స్టీరింగ్‌లో ఉన్న ఎయిర్‌బ్యాగూ, పక్కసీటు ముందున్న ఎయిర్‌బ్యాగూ రెండూ బయటికి రావాలి. కొత్త కాయిల్ రావడానికి మూడు రోజులు పడుతుందన్నారు. అన్నాళ్లు వాటిని రేకుల షెడ్డులో ఎక్కడ పెట్టాలి, బ్యాటరీ వైరు పీకేస్తే సరిపోతుందా, మీటరు పెట్టి చూడొచ్చా, ముందునుంచీ వెలుగుతున్న ఎయిర్‌బ్యాగ్ లైటుని రెసిస్టర్ పెట్టి ఆర్పేయమంటున్న కారు ఓనరుకి ఏం చెప్పాలి అన్నావు.

విప్పక ముందే అడిగావు, అది మంచి పని. నాకు వచ్చే ఫోన్లలో సగం విప్పేశాక వచ్చేవే.

నాది నెల్లూరు ఆటోనగర్. కార్ల ఎలక్ట్రికల్ పనిలో పాతికేళ్లు దాటింది. అందులో తొమ్మిదేళ్లు ఒక కంపెనీ సర్వీసు సెంటర్లో చేశా, తర్వాత సొంత షెడ్డు. నేను పని నేర్చుకునే రోజుల్లో ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారు నెలకొకటి కనపడితే గొప్ప. ఇప్పుడు అలా కాదు. 2019 జులై 1 నుంచి కొత్త కార్లన్నిటికీ డ్రైవరు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి చేశారు. పక్కసీటుది కొత్త మోడళ్లకి 2021 ఏప్రిల్‌ నుంచి, అప్పటికే అమ్ముతున్న పాత మోడళ్లకి 2021 డిసెంబరు 31 గడువుతో వచ్చింది. ఆ కార్లకి ఇప్పుడు వారంటీలు అయిపోయి మన షెడ్లకి వస్తున్నాయి. ఉప్పుగాలికి, రొయ్యల గుంటల దగ్గర పెట్టే కార్లకి కూలింగ్ కాయిళ్లు ఎంత తొందరగా తినేస్తాయో నీకు తెలుసు. కాబట్టి ఈ పని నీకు ఇదొక్కసారి కాదు, నెలనెలా వస్తుంది. పద్ధతి ఒకసారి సరిగ్గా అలవాటు చేసుకుంటే జీవితమంతా పనికొస్తుంది.

ముందు ఆ వస్తువు ఏంటో చెప్తా. చాలామంది దాన్ని హారన్ ప్యాడ్ అనుకుని హారన్ ప్యాడ్ లాగే పట్టుకుంటారు. పైన కనిపించేది ప్లాస్టిక్ మూత. దాని కింద మడతపెట్టిన గుడ్డ సంచి. దాని కింద ఇనుప డబ్బా, అందులో పేలుడు మందు బిళ్లలు. ఆ మందుని అంటించడానికి చిన్న ఇగ్నైటరు, దాన్ని స్క్విబ్ అంటారు. స్క్విబ్‌లో ఉండేది రెండు మూడు ఓమ్‌ల సన్న తీగ. దానిలోంచి 1.2 ఆంపియర్ల కరెంటు రెండు మిల్లీసెకన్లు పోతే చాలు, అంటుకుంటుంది. అంటుకున్నాక సంచి పూర్తిగా తెరుచుకోవడానికి 30 మిల్లీసెకన్లు. మనం కన్ను ఆర్పడానికే దానికంటే మూడింతలు పైన పడుతుంది. "పేలితే పక్కకి జరుగుతాలే" అనే మాట అందుకే ఇక్కడ పనికిరాదు.

ఒంగోలు వైపు వాళ్లకి దీన్ని చెప్పడం ఇంకా సులువు. మా బావమరిది కొన్నేళ్లు చీమకుర్తి క్వారీలో పనిచేశాడు. ఒకరోజు నా షెడ్డుకొచ్చి, పసుపు కప్లరు (వైర్లు కలిపే ప్లగ్గు) ఉన్న మాడ్యూల్‌ని, అంటే విప్పి తీసిన ఎయిర్‌బ్యాగ్‌ని చూసి "ఇదీ కేపే కదా బావా" అన్నాడు. నిజమే. కేపంటే రాళ్లు పేల్చే డిటోనేటర్. వాళ్ల ఎలక్ట్రిక్ డిటోనేటర్ వైర్ల కొసలు వాడేదాకా ఒకదానికొకటి కలిపి మెలేసి ఉంచుతారు, ఎక్కడిదైనా దొంగ కరెంటు వచ్చినా రెండు కొసల మధ్య తేడా ఉండకూడదని. మన ఎయిర్‌బ్యాగ్ కప్లరులో కూడా అదే ఏర్పాటు ఉంది. కప్లరు ఊడదీయగానే లోపల ఒక చిన్న ఇత్తడి రేకు స్క్విబ్ రెండు పిన్నుల్నీ కలిపేస్తుంది. కప్లరు మళ్లీ పెడితే ఆ రేకు పక్కకి తప్పుకుంటుంది. దాన్ని షార్టింగ్ బార్ అంటారు. ఆ కప్లరు లోపల స్క్రూడ్రైవరు, గుండుసూది, పిన్ను ఏదీ దూర్చొద్దు. ఆ రేకు వంగిపోతే నీకు తెలియకుండానే రక్షణ పోతుంది.

క్వారీలో కేపుని చూసి ఎవరూ భయంతో పారిపోరు, అలాగని జేబులో వేసుకుని తిరగరు. నువ్వూ అంతే ఉండాలి. కారులో బోల్టులతో బిగించి ఉన్నంతకాలం దాని దారి దానికి ఉంటుంది, అది ఎటు తెరుచుకోవాలో కంపెనీ వాడు చూసుకున్నాడు. బయటికి తీసిన క్షణం నుంచి ఆ బాధ్యత నీది. నీకు అసలు ప్రమాదం ఆ మూడు రోజుల్లోనే ఉంది.

నాకు ఇది చదివి తెలిసింది కాదు. సర్వీసు సెంటర్లో నేను చేరిన కొత్తలో ఒక కారు హారన్ మోగట్లేదని వచ్చింది. మాతో ఉన్న కుర్రాడు బ్యాటరీ తీయకుండానే స్టీరింగ్ ప్యాడ్ ఊడదీశాడు. పైనున్న కంపెనీ గుర్తు గీత పడుతుందేమోనని జాగ్రత్తగా, మొహం కిందికి పెట్టి, బల్ల మీద గుడ్డ పరిచి పడుకోబెట్టాడు. వైరు పొడుగ్గా లాగాడు గానీ కప్లరు ఇంకా తగిలించే ఉంది. హారన్ వైరు ఏదో చూద్దామని టెస్ట్ లైటు పెట్టి ఒక్కొక్క పిన్నూ పొడుస్తున్నాడు. పెద్ద శబ్దం. మాడ్యూల్ బల్ల మీదినుంచి లేచి పైకప్పు రేకుకి తగిలి, మూలనున్న టైర్ల మీద పడింది. కుర్రాడి మొహం అప్పుడు పక్కకి ఉంది, అదొక్కటే అదృష్టం. రెండు రోజులు అందరికీ చెవుల్లో గీ మని ఒకటే మోత. ఆ కుర్రాడు ఇప్పుడు గల్ఫ్‌లో మంచి మెకానిక్కు. ఎయిర్‌బ్యాగ్ మాటొస్తే ఇప్పటికీ ఎడమ చెవి తడుముకుంటాడు.

ఆ ఒక్క సంఘటనలో మూడు తప్పులున్నాయి. బ్యాటరీ తీయలేదు. మొహం కిందికి పెట్టాడు. టెస్ట్ లైటు వాడాడు. మన షెడ్లలో టెస్ట్ లైటంటే ఇండికేటర్ బల్బుకి రెండు వైర్లు అతికించిందే కదా. ఆ బల్బు 21 వాట్లు. 12 వోల్టులకి లెక్కేస్తే ఒకటిముప్పావు ఆంపియరు. స్క్విబ్ అంటుకోవడానికి కావాల్సింది 1.2. ఇంక చెప్పేదేముంది.

సరే, పని మొదలుపెట్టే ముందు సంగతి. స్టీరింగ్ తిన్నగా, ముందు చక్రాలు నేరుగా ఉండేట్టు కారు నిలుపు. డ్రైవరు వైపు అద్దం కిందికి దించేయి, తర్వాత ఎందుకో చెప్తా. ఇగ్నిషన్ ఆపి తాళం తీసి నీ జేబులో పెట్టుకో. బటన్ స్టార్ట్ కారైతే ఆ తాళాన్ని దూరంగా ఆఫీసు గదిలో పెట్టు. తర్వాత బ్యాటరీ నెగటివ్ తీసి, ఆ కొసకి టేపు చుట్టి పక్కకి కట్టేయి. లేకపోతే కేబులు తన వంపుకి తానే వెనక్కొచ్చి తగులుకుంటుంది. నేను రెండుసార్లు చూశా.

ఇప్పుడు నీ ప్రశ్న, బ్యాటరీ తీస్తే చాలా? చాలదు. యాక్సిడెంట్‌లో ముందు బానెట్ నుజ్జయి బ్యాటరీ కేబులు తెగిపోయినా బ్యాగులు తెరుచుకోవాలి కదా, అందుకని ఎయిర్‌బ్యాగ్ ఈసీయూ అనే కంట్రోలు పెట్టెలో కెపాసిటర్ పెట్టి కరెంటు దాచి ఉంచుతారు. బ్యాటరీ తీసిన తర్వాత కూడా అది కాసేపు నిండే ఉంటుంది. ఎంతసేపు ఆగాలనేది కారు కారుకీ మారుతుంది. ఒక కంపెనీ 90 సెకన్లు అంటుంది, ఇంకొకటి 3 నిమిషాలు అంటుంది. నీ కారు సర్వీసు మాన్యువల్ దొరికితే అందులో రాసినంతసేపు ఆగు. నా లెక్క వేరే, కారు ఏదైనా పావుగంట. నెగటివ్ తీసి టీకి వెళ్లిపోతా. పావుగంట ఆగినందుకు ఎవరికీ నష్టం రాలేదు.

వచ్చాక, ఎయిర్‌బ్యాగ్ మీద చెయ్యి వేసే ముందు కారు బాడీలో పెయింటు లేని ఇనుము ఒకసారి ముట్టుకో. ఒంట్లో ఉన్న స్టాటిక్ కరెంటు దిగిపోతుంది. సీటు మీద రుద్దుకుంటూ దిగినప్పుడు తలుపు ముట్టుకుంటే చిటుక్కుమంటుందే, అదే. సముద్రం పక్కన మనకి గాలిలో తేమెక్కువ కాబట్టి తక్కువగా వస్తుంది. కనిగిరి, మార్కాపురం వైపు పొడిగాలిలో బాగా వస్తుంది. ఏ ఊరైనా ముట్టుకునే అలవాటు పెట్టుకో.

స్టీరింగ్‌ది కొన్ని కార్లకి వెనక రెండు స్టార్ బోల్టులుంటాయి, కొన్నిటికి స్ప్రింగు క్లిప్పులు. ప్యాడు వదులయ్యాక మొత్తం లాగేయకు. కొంచెం ఎత్తి, పసుపు కప్లరు లాకు ముందు పైకి లేపి, తర్వాత కప్లరు పట్టుకుని తియ్యి. వైరు పట్టి లాగొద్దు. స్టీరింగ్ చక్రం కూడా తీసేట్టయితే కింద ఉన్న క్లాక్ స్ప్రింగ్ (స్టీరింగ్ తిరిగినా వైరు తెగకుండా చుట్టి ఉండే రిబ్బను డబ్బా) తిరక్కుండా టేపు వేసి ఉంచు. అది సెంటరు తప్పితే తర్వాత మొదటి ఫుల్ టర్నులోనే లోపలి రిబ్బను తెగి, హారనూ పోతుంది, ఎయిర్‌బ్యాగ్ లైటూ వస్తుంది. ఖర్చు నీ నెత్తిన పడుతుంది.

పట్టుకునే పద్ధతి. మాడ్యూల్ మొహం, అంటే సంచి తెరుచుకునే వైపు, నీ ఒంటికి అవతలికి ఉండాలి. రెండు చేతులతో పక్కలు పట్టుకో. వేళ్లు మొహం మీద ఉండకూడదు. ఎదురుగా ఎవరైనా వస్తుంటే ఆగి, వాళ్లని తప్పుకోమను. వైరు పట్టుకుని వేలాడదీస్తూ తేవడం, చంకలో పెట్టుకోవడం, రెండు ఒకేసారి తేవడం వద్దు. ఒకటి పెట్టి వచ్చి రెండోది తీసుకో.

బల్ల మీద పెట్టేటప్పుడు మొహం పైకి. దీన్ని మీ కుర్రాళ్లందరితో పదిసార్లు అనిపించు. మొహం పైకి ఉంటే, ఖర్మకాలి పేలినా సంచి గాలిలోకి తెరుచుకుంటుంది, డబ్బా బల్లని నొక్కుకుంటుంది. మొహం కిందికి ఉంటే సంచి బల్లని తన్ని, ఇనుప డబ్బా పైకి ఎగురుతుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, చాలామంది తప్పు చేసేది ఇక్కడే. స్టీరింగ్ ప్యాడుకి మొహం ఏదో ఎవరికైనా తెలుస్తుంది. పక్కసీటుది అలా కాదు. అది డ్యాష్‌బోర్డు కింద దాగి ఉండే వస్తువు కాబట్టి అందం ఉండదు, ఒక ఇనుప పెట్టెలా ఉంటుంది. ఒకవైపు బోల్టులు, వైరు ఉంటాయి, అది వీపు. ఇంకోవైపు గుడ్డో పల్చటి కవరో కప్పి మెత్తగా ఉంటుంది, అది మొహం. మెత్తటి వైపు పైకి. బోల్టుల వల్ల అలా పెడితే ఊగుతుంది, అందుకని కుర్రాళ్లు తిరగేసి పెడతారు. ఊగితే రెండు చెక్క ముక్కలు ఆనించు గానీ తిరగేయకు.

ఇక మూడు రోజులు ఎక్కడ పెట్టాలి. నీది రేకుల షెడ్డు అన్నావు. అటక మీద పెట్టొద్దు. రోహిణి కార్తెలో మన నెల్లూరులో బయటే 44, 45 డిగ్రీలు కొడుతుంది. రేకు కింద జానెడు దూరంలో ఎంతుంటుందో చెయ్యి పెట్టి చూడు, నీకే తెలుస్తుంది. సుజుకి మాన్యువల్లో బయటికి తీసిన మాడ్యూల్‌ని 65 డిగ్రీలు దాటని, తేమ లేని, కరెంటు యంత్రాలకి దూరంగా ఉన్న చోట ఉంచమని రాసి ఉంటుంది. "ఎండలో డ్యాష్‌బోర్డు అంతకంటే కాలుతుంది కదన్నా" అని నువ్వు అడగొచ్చు. కాలుతుంది, నిజమే. కానీ అక్కడ దాని చుట్టూ బిగింపు ఉంది, దారి ఉంది. నీ అటక మీద అది ఉత్త డబ్బా. పైగా అటక నుంచి కింద పడితే ఇంకో కథ.

నేను చేసేది చెప్తా, నచ్చితే చెయ్యి. ఆఫీసు గదిలో పాత ఇనుప బీరువా ఒకటుంది. కింది అర ఖాళీ చేసి ఎయిర్‌బ్యాగులకే ఉంచా. నేల తడి తగలకుండా అడుగున చెక్క పలక. ఒక్కొక్క మాడ్యూల్ పక్కపక్కన, మొహం పైకి. ఒకదాని మీద ఒకటి పేర్చను, పైన గుడ్డ తప్ప ఇంకేమీ పెట్టను. పానాలు, స్క్రూల డబ్బా, బిల్లు పుస్తకం ఏదీ. పేలినప్పుడు పైన ఉన్నదల్లా రాయిలా ఎగురుతుంది. పాలిథీన్ కవర్లో చుట్టను, థర్మోకోల్ మీద పెట్టను, రెండూ స్టాటిక్ పుట్టిస్తాయి. కొత్త పార్టు వచ్చిన అట్టపెట్టె ఉంటే దానంత మంచిది లేదు. ప్రతిదానికీ మాస్కింగ్ టేపు మీద కారు నంబరూ, తీసిన తేదీ రాసి అంటిస్తా. బార్‌కోడ్ ఫోటో తీసి పెట్టుకుంటా, రేపు ఓనరు "నాది కాదు ఇది" అంటే చూపించడానికి. బీరువాకి తాళం వేసి తాళంచెవి నా దగ్గరే. బ్యాటరీ చార్జింగ్ బల్ల, వెల్డింగ్ చోటు, గ్రైండరు, గ్యాస్ సిలిండర్, థిన్నరు డబ్బాలు ఆ గదిలో ఏవీ లేవు. బీరువా లేదా? మూత ఉన్న చెక్కపెట్టె, తాళం, చల్లటి మూల. అదీ చాలు.

పిల్లలొచ్చే షెడ్డయితే తాళం ఇంకా ముఖ్యం. సెలవుల్లో మా షెడ్డుకి ఎవరో ఒకరి పిల్లలు వస్తూనే ఉంటారు. స్టీరింగ్ ప్యాడ్ వాళ్లకి ఆట వస్తువులా కనిపిస్తుంది.

మీటరు గురించి అడిగావు. మాడ్యూల్ పిన్నుల మీద ఏ మీటరూ పెట్టొద్దు. డిజిటల్ మీటరు ఓమ్స్‌లో పంపే కరెంటు చాలా తక్కువేనని నీకు ఎవరైనా చెప్తారు, అది అబద్ధం కాదు. కానీ పాత ముల్లు మీటర్లు ఎక్కువ పంపుతాయి, ప్రోబు తప్పు సాకెట్టులో ఉండొచ్చు, మీటరే పాడై ఉండొచ్చు. నీ చేతిలో ఉన్న మీటరు ఏ రకమో, ఎలా ఉందో నాకు తెలియదు, అర్ధరాత్రి పని చేసే నీ కుర్రాడికీ తెలియదు. అందుకే ఏ కంపెనీ మాన్యువలూ ఒప్పుకోదు. మాడ్యూల్ మంచిదో కాదో ఈసీయూలో పడ్డ లోపాల కోడ్‌లు చదివే స్కానరే చెప్తుంది. వైరింగ్‌లో లోపం వెతకాలంటే మాడ్యూల్ స్థానంలో అంతే ఓమ్‌ల డమ్మీ రెసిస్టరు పెట్టి చూస్తారు, పరీక్ష కోసం, పరీక్ష జరిగినంతసేపే. పసుపు వైరింగ్‌ని కోయడం, అతకడం, టంకం పెట్టడం వద్దు.

ఆ డమ్మీ రెసిస్టరునే మీ ఓనరు శాశ్వతంగా పెట్టమంటున్నాడు. తమ్ముడూ, ఆ పని చెయ్యొద్దు. లైటు ఆరిపోతుంది, కరెక్టే. ఈసీయూకి బ్యాగు ఉన్నట్టే కనిపిస్తుంది. హైవే మీద సింగరాయకొండ దగ్గరో టంగుటూరు దగ్గరో ఆ కారు ఆగి ఉన్న లారీ వెనక కొట్టినప్పుడు మాత్రం తేడా తెలుస్తుంది. ఆ కారు రేపు అమ్మేస్తే, కొన్నవాడికి ఆరిన లైటు చూసి బ్యాగు బాగుందనే నమ్మకం. నేను ఇలాంటివి అడిగిన ఇద్దరు ముగ్గురిని పంపించేశా. ఒకాయన ఇంకోచోట చేయించుకున్నాడనీ తెలుసు. చేయించుకోనీ, నా చేత్తో కాదు. మీ ఓనరుకి ఒకటి చెప్పు: మన వైపు చాలాసార్లు ఆ లైటు వెలగడానికి కారణం బ్యాగు కాదు, సీటు కింద కప్లరు వదులవడమో, ఉప్పుతేమకి పిన్నుల మీద పచ్చటి చిలుము పట్టడమో, క్లాక్ స్ప్రింగో. స్కాన్ చేయిస్తే తేలిపోతుంది. చిలుము పట్టిందని ఎమరీ కాగితంతో మాత్రం రుద్దకు. ఆ పిన్నుల మీద బంగారు పూత ఉంటుంది, అది పోతే నెలలో మళ్లీ వస్తుంది.

పాత మార్కెట్‌లో దొరికే సెకండ్ హ్యాండ్ మాడ్యూల్ కూడా వద్దు. అది ఎన్నేళ్లు ఏ ఎండలో, ఏ వరదలో ఉందో ఎవరికీ తెలియదు. ఎయిర్‌బ్యాగులు చేసిన జపాన్ కంపెనీ తకాటా సంగతి విని ఉంటావు. వాళ్ల ఇన్‌ఫ్లేటర్లలో, అంటే మందుండే ఇనుప డబ్బాల్లో, వాడిన అమ్మోనియం నైట్రేట్ ఏళ్ల తరబడి వేడికీ తేమకీ మారిపోయి, పేలినప్పుడు ఇనుప డబ్బానే పగిలి ముక్కలు మనుషుల మీదికి వచ్చాయి. ప్రపంచంలో కోట్ల కార్లు వెనక్కి పిలిచారు, 2017లో ఆ కంపెనీ దివాలా తీసింది. మన దేశంలోనూ ఆ రీకాల్ కింద చాలా కార్లకి ఉచితంగా మార్చారు. వేడి, తేమ రెండూ ఉన్న ఊళ్లు ఏవంటే మన తీరమే. అందుకని పదేళ్లు దాటిన కారు వస్తే విప్పే ముందే ఛాసిస్ నంబరు కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి, రీకాల్ పెండింగ్ ఉందేమో చూడు. ఉంటే నువ్వు చెయ్యి పెట్టకు, వాళ్లకే పంపు.

కింద పడితే? బీరువాలో పెట్టబోయి జారి పడిందనుకో. 90 సెంటీమీటర్లు, అంటే నడుమెత్తు దాటి పడితే దాన్ని వాడొద్దని సుజుకి చెప్తుంది. పైకి గీత కూడా పడకపోవచ్చు, లోపల బిళ్లలు పగిలి ఉండొచ్చు. ఓనరుకి నిజం చెప్పి కొత్తది వెయ్యి. బాధగానే ఉంటుంది, ఒకసారి నేనూ నా జేబులోంచి పెట్టుకున్నా.

టింకరింగ్, పెయింటింగ్ చేసేవాళ్ల కోసం రెండు ముక్కలు. పెయింట్ బూత్‌లో బేకింగ్ 93 డిగ్రీలు దాటే అవకాశం ఉంటే ఎయిర్‌బ్యాగ్ భాగాలు ముందే తీసేయాలి. వెల్డింగ్ చేసేటప్పుడు బ్యాటరీ తీసి ఉండాలి, ఎర్తు క్లాంపు వెల్డింగ్ చోటుకి దగ్గరగా పెట్టాలి. ఇగ్నిషన్ ఆన్‌లో ఉండగా గేరు కింద ఉన్న ఈసీయూ చుట్టుపక్కల సుత్తి దెబ్బలు వద్దు, దానికి ఆ అదురు యాక్సిడెంటులానే ఉంటుంది. గుద్దుకున్నప్పుడు సీటు బెల్టుని బిగించే ప్రిటెన్షనర్‌లో కూడా ఇదే మందు ఉంటుందని మర్చిపోకండి, పసుపు కప్లరు దానికీ ఉంటుంది.

వరద కార్ల గురించి అడగలేదు గానీ చెప్పాలి. 2021 నవంబరులో పెన్నా పొంగి కోవూరు, పడుగుపాడు వైపు నీళ్లొచ్చినప్పుడు మా ఆటోనగర్‌కి లారీల మీద కార్లు వచ్చాయి. కార్పెట్ తడి ఆరకముందే తాళం తిప్పి చూసినవాళ్లున్నారు. ఈసీయూ నేలకి అంటుకుని ఉండేది, నీళ్లు ముందు దానికే తగులుతాయి. అలాంటి కారుకి ముందు బ్యాటరీ నెగటివ్ తీయడమే పని. నీట మునిగిన మాడ్యూల్, ఈసీయూ ఎండలో ఆరబెట్టి పెట్టే వస్తువులు కావు.

మాడ్యూల్‌ని కావలి నుంచి నెల్లూరు తేవాల్సొస్తే బైకు మీద ఒళ్లో పెట్టుకుని రావొద్దు, బస్సు పార్శిల్‌లో వేయొద్దు. రవాణా లెక్కల్లో అది 9వ తరగతి ప్రమాదకర వస్తువు. కారు డిక్కీలో, పెట్టెలో, మొహం పైకి, కదలకుండా. పనికిరానిది పాత ఇనుము కొట్టుకి అసలు వేయొద్దు. అక్కడ గ్యాస్ కటరు పెట్టేవాడికి అందులో ఏముందో తెలియదు. పాతదాన్ని మనమే వైర్లు కట్టి పేల్చేద్దాం అనే వీరులు కూడా ఉంటారు, వాళ్ల మాట వినకు. కంపెనీ సర్వీసు సెంటర్లకి దానికి పద్ధతీ, దూరం నుంచి పేల్చే సామానూ ఉంటాయి. వాళ్లకి అప్పగించు.

ఇప్పటికే తెరుచుకున్న బ్యాగున్న కారు వస్తే, డబ్బా చాలాసేపు కాలుతూ ఉంటుంది, అరగంట ముట్టుకోకు. లోపలి తెల్ల పొడి కళ్లకీ చర్మానికీ మంట పెడుతుంది. గ్లోవ్సు, కళ్లద్దాలు పెట్టుకో, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కో. అంతే.

తిరిగి బిగించడం. బ్యాటరీ ఇంకా తీసే ఉండాలి. పొడిగుడ్డతో తుడువు, థిన్నరు, పెట్రోలు, డ్యాష్‌బోర్డు పాలిష్ వద్దు. ముందుగా పక్కసీటుదాన్ని డ్యాష్‌బోర్డు వెనకున్న ఇనుప బీముకి బిగించు, బోల్టులు మాన్యువల్‌లో రాసిన టార్క్‌కే (బిగింపుకే). కప్లరు టక్కుమని, లాకు పూర్తిగా పడాలి. స్టీరింగ్‌ది చివర. అన్నీ తగిలించాకే బ్యాటరీ. ఒక్క కప్లరు ఊడి ఉండగా ఇగ్నిషన్ ఆన్ చేసినా కోడ్ పడుతుంది, స్కానరు తెచ్చి చెరిపేదాకా లైటు పోదు. మొదటిసారి ఆన్ చేసేటప్పుడు కారులో ఎవరూ కూర్చోకూడదు. అద్దం దించమన్నది ఇందుకే, బయట నిలబడి, స్టీరింగ్‌కి ఎదురుగా కాకుండా పక్కనుంచి చెయ్యి పెట్టి తాళం తిప్పు. ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి, కొన్ని సెకన్ల తర్వాత ఆరిపోవాలి. అసలు వెలగకపోతే కూడా తప్పే, ఎవరో బల్బు తీసేసో టేపు వేసో ఉంటారు. ఆరకపోతే కోడ్ చదివించు, ఊరికే చెరిపేయకు. మీ కారుకి ముందునుంచీ లైటు ఉందన్నావు కాబట్టి, విప్పకముందే ఒకసారి స్కాన్ చేయించి ఆ కోడ్ కాగితం మీద రాసి ఓనరుతో సంతకం పెట్టించుకో. లేకపోతే కాయిల్ మార్చినందుకే లైటొచ్చిందంటాడు.

కారు మోడలు, ఏ ఏడాదిదో రాయి. స్టీరింగ్ క్లిప్పులు ఎక్కడుంటాయో, పక్కసీటు మాడ్యూల్‌కి ఎన్ని బోల్టులో చూసి రేపు సాయంత్రానికి చెప్తా. అప్పటిదాకా ప్యాడు ఊడదీయకు.